కొండ చీపుర్ల కట్టలో తుపాకీ

సాలూరు కొండల మీద ముప్పై నాటు తుపాకుల నోళ్లు మూయించినవాణ్ణి నేను. ఒక్కణ్ణే. చేతిలో కర్ర లేదు, వెనక పోలీసు లేడు. మా కొట్టు మెట్ల మీద కూర్చుని టీ తాగిన ప్రతివాడికీ ఈ మాట చెప్పాను. లారీ డ్రైవర్లు దీన్ని మోసుకెళ్లి రాయపూర్ దాకా చెప్పారని విన్నాను. అచ్చులో పెట్టాల్సి వచ్చేసరికి మాత్రం చెయ్యి కొంచెం తడబడుతోంది కాబట్టి ఇప్పుడే ఒక సవరణ. ముప్పై కాదు. పదో పన్నెండో అనుకోండి. మిగతా సవరణలు దారిలో చేసుకుంటూ వెళ్దాం.

మాది తాళ్లూ వలలూ అమ్మే కొట్టు. సాలూరంటే లారీల ఊరు, లారీ ఉన్నచోట తాడుకు గిరాకీ తగ్గదు. తాళ్లతో పాటు చెరువుల్లో చేపలు పట్టేవాళ్ల కోసం విసురు వలలు, ఆ వలల అంచుకు గుచ్చే సీసం గుళ్లు కూడా అమ్మేవాళ్లం. శనగ గింజంత గుళ్లు. గోనెసంచిలో పోసి, గుప్పెడు అడిగితే గుప్పెడు, శేరు అడిగితే శేరు తూచి ఇచ్చేవాళ్లం.

సముద్రం ఒడ్డున వలలమ్మే మా చుట్టం ఒకాయన ఒకసారి వచ్చి ఆ సంచి ఎంత వేగంగా ఖాళీ అవుతుందో చూసి, మీ కొండల్లో సముద్రమేమైనా దాచారా అని నవ్వాడు. నేనూ నవ్వాను. సంతరోజున కొండ దిగి వచ్చిన మనిషి వల అడగడు, దారం అడగడు, గుళ్లు మాత్రం అడుగుతాడు. వాళ్ల ఊళ్లో ఏరు లేదని నాకు తెలుసు. ఆ గుళ్లు ఎక్కడికి వెళ్తాయో కూడా తెలుసు. తెలిసినా అడగకపోవడం మా వ్యాపారంలో మర్యాద. అడవి పందులు పంట తింటున్నాయి, కొట్టుకుంటారులే అనుకునేవాణ్ణి. దీని గురించి నేను ఎవరికీ గొప్పలు చెప్పుకోలేదు.

ఇక నా నేస్తం గురించి. మా వైపు నేస్తరికం అని ఒకటుంది. ఇద్దరు మనుషులు పదిమంది ముందు కొత్తబట్టలు మార్చుకుని, ఒకరి నోట్లో ఒకరు బెల్లం ముక్క పెట్టుకుని నేస్తాలవుతారు. ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. నేస్తం అనే పిలవాలి. ఒకరింట్లో చావొస్తే రెండో ఇంట్లోనూ మైల పట్టాలి. నేస్తం నోరు విప్పి ఒక వస్తువు అడిగితే కాదనకూడదు.

నా నేస్తం ఘాటీ పైన ఒక చిన్న ఊరి రైతు. మా ఇద్దరికీ పద్దెనిమిదేళ్లప్పుడు, సంతలో అతని తల్లీ మా అమ్మా చింతపండు దగ్గర బేరమాడుకుంటూ మా మొహాలు చూశారట. ఇద్దరికీ ముందు పన్ను ఒకేలాగ వంకర. వీళ్లు నేస్తం కట్టాల్సినవాళ్లే అని అక్కడికక్కడే తీర్మానించారు. ఆ వంకర పన్ను తర్వాత ఇద్దరికీ ఊడిపోయింది గానీ నేస్తరికం నిలిచింది. ప్రతి ఏడూ వాళ్ల కొత్త కంది నాకు, మా కొత్త తాడు అతనికి. సంతకు వస్తే మా ఇంట్లోనే భోజనం. మా ఆవిడ వడ్డించే పప్పులో కారం తక్కువని అతను, మీ ఊరి మిరపకాయలు తెచ్చి పడేస్తే వేస్తానని ఆవిడ, నలభై ఏళ్లపాటు అదే ఊసు.

అతని దగ్గర తండ్రి నాటి తుపాకీ ఉండేది. ఎండు సొరకాయ బుర్రలో దాచిన మందు గొట్టంలో కూరి, పైన గుళ్లు పోసి, పీచు దట్టించి పేల్చే రకం. లైసెన్సు గిసెన్సు ఏమీ లేదు. దసరాకు నాగలి పక్కన దానికీ పసుపు పూసి బొట్టు పెట్టేవాళ్లు.

పెద్ద తుపాను వచ్చి మా జిల్లాల తోటలన్నిటినీ పడుకోబెట్టిన మరుసటి ఏడు జరిగింది ఇది. జీడిమామిడి చెట్లు పడిపోవడంతో అతనికి మిగిలింది రాగులు పండే చోడి చేను ఒక్కటే. పందులు ఆ చేనునే పట్టుకున్నాయి. పొద్దు వాలేసరికి తుపాకీ తీసుకుని మంచె ఎక్కి కూర్చునేవాడు. అప్పటికే అతని రెండు కళ్లలోనూ శుక్లాలు. పగలు నా కొట్టు గుమ్మం తడుముకునే మనిషి, మసక వెలుతురులో చేను కదిలితే పేల్చేవాడు.

ఒక సాయంత్రం చేను కదిలింది. వస్తున్నది పంది కాదు, అంబలి కుండతో కోడలు.

ఈ సంగతి నాకు మూడు వారాల దాకా తెలియదు. ఆసుపత్రిలో ముళ్లకంచె మీద పడ్డానని చెప్పిందట. వాళ్లు నమ్మారో, నమ్మినట్టు ఉన్నారో, పిక్కలోంచి మూడు గుళ్లు తీసి కట్టు కట్టారు. ఒకరోజు పొద్దున్న నేను కొట్టు తెరిచి నీళ్లు చల్లుకుంటున్నాను. ఆ అమ్మాయి కుంటుకుంటూ మెట్లెక్కింది. ఎక్కుతూనే కొంగు ముడి విప్పి ఒక గుండు తీసి నా తక్కెడ పళ్లెంలో వేసింది.

"మావా, ఇది నీ కొట్లోదేనా సూడు" అంది.

చూడక్కర్లేదు. సంచి అక్కడే ఉంది.

నా మొహం ఎలా ఉందో తెలియదు. ఆ అమ్మాయి మాత్రం ఏడవలేదు, కోప్పడలేదు. వరి ధర చెప్పినట్టు చెప్పుకుపోయింది. మావకు కళ్లు కనపడటం లేదని, తుపాకీ వదలమంటే ఆ ఒక్కటీ అడక్కండి అంటున్నాడని, మొగుడు తండ్రికి ఎదురు చెప్పలేడని. అన్నీ చెప్పి, గుమ్మం పట్టుకుని కాలి మీది బరువు మార్చుకుంది.

"నాను ముందు నడిసినాను కాబట్టి నాకు తగిలింది. నా గుంట ఎప్పుడూ నా ముందే పరిగెడతాది. ఆ రోజు జొరమొచ్చి ఇంటికాడ ఉండిపోనాది. దానికి నాలుగేళ్లు మావా. చేను దానికంటే ఎత్తుంటాది."

నేను నీళ్ల చెంబు ఇంకా చేత్తోనే పట్టుకుని ఉన్నాను.

"నువ్వు నేస్తానివి. నువ్వడిగితే కాదనలేడు. అడిగి పట్టుకుపో" అంది. మెట్లు దిగుతూ మా సీసం సంచి వైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయింది.

మా ఆవిడ లోగుమ్మంలో నిలబడి అంతా విన్నది. వచ్చి గుళ్ల సంచి నోరు కట్టేసి, నడుం నొప్పి మనిషి, దాన్ని తనే ఈడ్చుకుంటూ లోపలికి తీసుకుపోయింది. ఆ రోజు నుంచి మా కొట్లో సీసం గుళ్లు విడిగా అమ్మలేదు. వల అంచుకు గుచ్చి, ముడివేసి, వలతో సహా కొంటేనే ఇస్తాం. బజారంతా నవ్వింది. ఇది నా సొంత నియమమని చాలాచోట్ల చెప్పుకున్నాను. మా ఆవిడదని ఇప్పుడు రాస్తున్నాను. తక్కెడలోని గుండు కూడా ఆవిడే తీసి దేవుడి గూట్లో పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది, నేను దీపం పెట్టిన ప్రతిసారీ కనపడేటట్టు.

మర్నాడే కొండెక్కాను. నా పాత కథలో ఇక్కడ నేనొక పెద్ద ఉపన్యాసం ఇస్తాను. ఊరు ఊరంతా చుట్టూ మూగుతుంది, ముసలివాళ్లు కళ్లు ఒత్తుకుంటారు. నిజానికి అరుగు మీద మేమిద్దరమే ఉన్నాం. వాకిట్లో కోళ్లు తిరుగుతున్నాయి. కోడలు పొయ్యి దగ్గర మాకు వీపు పెట్టి కూర్చుని బొగ్గులు నూరుతోంది. కొండ మీద పళ్లపొడి అదే. ఆకులో అన్నం పెట్టారు. చెయ్యి కడుక్కోకుండా కూర్చున్నాను.

"తినవేటి?" అన్నాడు నేస్తం.

"ఒకటి అడగాలి. ఇస్తానంటే తింటాను."

"కూటి ముందర బేరమేటి నేస్తం? అడుగు."

"తుపాకీ."

అతను నా మొహం వైపు చూశాడు. చూశాడంటే నా చెవి పక్కన ఎక్కడో చూశాడు. పొయ్యి దగ్గర నూరే రోటి చప్పుడు ఆగింది. తర్వాత లేచి, గోడ తడుముకుంటూ లోపలికి వెళ్లి తుపాకీ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"పట్టుకుపో. ఆ రోజు కాడి నుంచి అది నాతో పలకడం మానీసినాది" అన్నాడు.

కోడలికి తగిలిన దుఃఖంలో మనిషి తన తుపాకీ అలిగిందంటున్నాడు, ఎంత మంచి మనసు అనుకున్నాను. నా మాటకు ఇంత విలువ ఉందా అని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు. రెండుసార్లు అడిగి అన్నం వేయించుకుని తిన్నాను. రోటి చప్పుడు మళ్లీ మొదలైంది.

తిన్నాక తెలిసింది అసలు చిక్కు. దాన్ని కిందికి తీసుకెళ్లడం ఎలా? లైసెన్సు లేని తుపాకీతో బస్సెక్కితే నేనే దొంగనవుతాను. కోడలే ఉపాయం చెప్పింది. ఇంట్లో అమ్మడానికి కట్టిన కొండ చీపుర్లు ఉన్నాయి. రెండు కట్టల మధ్య తుపాకీ పెట్టి చుట్టూ నార బిగించింది. చూస్తే చీపుర్ల కట్టే, కాకపోతే చీపుర్లకు ఉండకూడనంత బరువు.

ఈ బస్సు ప్రయాణం నా కథల్లో బాగా బలిసింది. చెక్‌పోస్టులో ఆరుగురు పోలీసులు, ఒక కుక్క, ఆ కుక్క నా పంచె వాసన చూడటం, నేను దాని తల నిమరడం. ఆరుగురూ లేరు. కుక్క కూడా లేదు. దారిలో డ్యూటీ దిగిన హోంగార్డు ఒకాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. అంతే. కూర్చుంటూనే చీపుర్లు ఎంతకు కొన్నారని అడిగాడు. నా నోట్లోంచి ఏదో అంకె వచ్చింది. మరీ చవకగా వచ్చినట్టుంది, అయితే నాకు రెండు ఇవ్వండి అన్నాడు. ఇవి మొక్కుబడి చీపుర్లండీ, గుడి ఊడవడానికి అన్నాను. ఆయన భక్తిగా కట్టకు దణ్ణం పెట్టి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.

ఘాటీలో మలుపు తిరిగినప్పుడల్లా కట్ట నా మీదికి వాలుతోంది. గొట్టం మూతి సరిగ్గా నా గడ్డం కింద. లోపల మందూ గుళ్లూ కూరి ఉన్నాయో లేవో నేస్తాన్ని అడగలేదు. అడగాలని తట్టలేదు. ఆ మూతి మీద బొటనవేలు పెట్టుకుని కూర్చున్నాను, పేలితే వేలు ఆపుతుందన్నట్టు. ఇన్నేళ్లూ గుప్పెళ్లకు గుప్పెళ్లు కొలిచి పోసిన గుళ్లలో ఒక గుప్పెడు నా గడ్డానికి గురిపెట్టి కూర్చుంటే ఎలా ఉంటుందో ఆ గంటన్నరలో తెలిసింది. ఇందులో ఒక్క అక్షరం కూడా పెంచలేదు.

ఇల్లు చేరాక మా ఆవిడ అడిగిన మొదటి మాట, లోపల మందుందా అని. ఉంటుంది అన్నాను. అయితే అటకెక్కించండి, మూతి వీధివైపు కాదు, మనవైపు కాదు, గోడవైపు పెట్టండి అంది. కొబ్బరితాళ్ల చుట్టల వెనక పెట్టాను.

రేపు స్టేషన్లో ఇచ్చేస్తే సరి అనుకున్నాను. ఆ రోజుల్లో పోలీసులే ఊరూరూ తిరిగి, నాటు తుపాకులు తెచ్చి అప్పగించండి, కేసు ఉండదు అని చెబుతున్నారు. ఊరిపెద్దలూ మీటింగులు పెడుతున్నారు. వేటలో పంది అనుకుని మనిషిని కొట్టిన కబుర్లు ఆ రెండు మూడేళ్లలో మేం చాలానే విన్నాం. కొండమీద తుపాకీ మోత వినపడితే ఆడవాళ్లు ముందు తమ మనుషులు ఇంట్లో ఉన్నారా లేదా చూసుకునే రోజులవి.

కానీ పొద్దున్న లేచేసరికి నేస్తరికంలో రెండో సగం గుర్తొచ్చింది. నేస్తం ఇచ్చినది మూడో చేతికి ఇవ్వకూడదు. ఇస్తే నేస్తరికం తెగినట్టే. అడిగే హక్కు నాకుందని గంతులేసుకుంటూ వెళ్లి అడిగాను గానీ, అడిగి తెచ్చుకున్న తుపాకీ చచ్చేదాకా నాదే అవుతుందన్న సంగతి ఆలోచించలేదు. నలభై ఏళ్ల నేస్తరికం ఉన్నవాడు చేయకూడని పొరపాటు.

అలా పద్దెనిమిది రోజులు అది మా అటక మీద ఉంది. అందులో ఒకరోజు మా ఎరికలోని హెడ్ కానిస్టేబుల్ గారు పెరట్లో మేకకు కట్టడానికి తాడు కోసం వచ్చారు. ఆ అటక కిందనే స్టూలేసుకుని కూర్చుని, మీ కొట్టుకు కొండవాళ్లు చాలామంది వస్తారు కదా, తుపాకులుంటే భయపడకుండా తెచ్చి ఇమ్మని మీరు కూడా చెప్పండి అన్నారు. తప్పకుండా చెబుతానండీ అన్నాను. నా ఒంటి మీద చొక్కా తడిసిపోవడం చూసి, షుగర్ చూపించుకోండి అని సలహా ఇచ్చి వెళ్లారు.

సంతరోజున నేస్తం దిగాడు. భోజనాల దగ్గర సంగతంతా చెప్పేశాను. ఇంట్లో పెట్టుకోలేను, నీ మాట లేకుండా ఇంకొకరికి ఇవ్వలేను అన్నాను. అతను ముద్ద నములుతూ కూర్చున్నాడు. తెగేది తుపాకీయో నేస్తరికమో తేలాల్సిన చోటికి వచ్చాం. మా ఆవిడ మజ్జిగ పోస్తూ, మా ఇద్దరితోనూ కాదు, చెంబుతో చెబుతున్నట్టు అంది.

"మూడో సేతికి ఒక నేస్తం ఇవ్వకూడదు గానీ, ఇద్దరు నేస్తాలూ కలిసిస్తే ఏటి తప్పు? ఆలుమగలు కలిసి దేవుడికి ఇవ్వడం లేదేటి?"

నేస్తం పెద్దగా నవ్వాడు. నవ్వి, మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని నావైపు తిరిగాడు.

"సరే, కలిసిద్దాం. నువ్వొకటి అడిగినావు, నానిచ్చినాను. ఇప్పుడు నా వంతు" అన్నాడు.

"అడుగు."

"కళ్లు కోయించుకోమని నా కోడలు ఏడాది నుంచి నా పానం తీస్తన్నాది. నాకు బయ్యం. నువ్వు నా పక్కన మంచం మీద పడుకుని కోయించుకుంటే నానూ కోయించుకుంటాను."

"నాకేమైంది, నా కళ్లు బాగానే ఉన్నాయి" అన్నాను.

"మొన్న అరుగు మీద కూకుని నా మనవరాలికి దణ్ణం పెట్టి అప్పా బాగున్నావా అన్నావు. నా పెళ్లాం అనుకున్నావు."

మా ఆవిడ చేతిలో చెంబు ఆగిపోయింది. ఆరు నెలలుగా నేను దాస్తున్నది అది. ఎడమ కంటికి మనుషులు మూటల్లా కనపడుతున్నారు. కత్తి అంటే భయం కాబట్టి ఎవరికీ చెప్పలేదు. మసకకళ్లతో తుపాకీ పేల్చేవాడిని మార్చడానికి వెళ్లినవాడు మసకకళ్లతో తూకం వేసేవాడే. నేస్తం అడిగాడు, కాదనడానికి లేదు.

స్టేషన్‌కు ఇద్దరం కలిసే వెళ్లాం. గొట్టం వైపు నేను, మడమ వైపు అతను, పెళ్లిలో పల్లకి మోసినట్టు చెరో చివర పట్టుకుని. ఎస్సై గారు మా కొడుకుల ఈడువాడు. ఎవరిది ఇది అని అడిగాడు. మాది అన్నాం ఇద్దరమూ. ఒక తుపాకీకి ఇద్దరు మనుషులను ఎలా రాయాలో తెలియక కాగితం వైపు కాసేపు చూశాడు. నేస్తం ఓపిగ్గా బెల్లం ముక్క దగ్గర్నుంచి మొత్తం నేస్తరికం చెప్పుకొచ్చాడు. ఎస్సై గారు కలం మూసి విన్నాడు. చివరకు ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు.

హెడ్ కానిస్టేబుల్ గారు తుపాకీ తలకిందులు చేసి నేల మీద తట్టారు. పీచు ఊడి నల్లటి పొడీ నాలుగు గుళ్లూ రాలాయి. మందు చెమ్మెక్కిపోయినట్టుందే అన్నారు. నా వైపు తిరిగి, మీ షుగర్ ఇదేనా అన్నారు. నేను గోడ మీద క్యాలెండర్ చదువుతున్నట్టు నటించాను. అది నాకు కనపడలేదు కూడా.

కేసు పెట్టలేదు. మాట నిలబెట్టుకున్నారు.

మరి మిగతా తుపాకుల లెక్క అంటారా. పది పన్నెండు అన్నాను కదా, అదీ తీసేయండి. మా వెనకాల ఆ కొండ మీది ఊళ్ల నుంచి వచ్చినవి నాలుగు. ఆ నాలుగూ నన్ను చూసి రాలేదు. ఊరిపెద్దలు పెట్టిన మీటింగులో మగవాళ్లంతా పందుల గురించి మాట్లాడుతుంటే, మా నేస్తం కోడలు మధ్యకొచ్చి, చీర కుచ్చిళ్లు మోకాలిదాకా ఎత్తిపట్టి, ఒక్క మాట మాట్లాడకుండా పిక్క చూపించి నిలబడిందట. అందరూ చూశాక దింపి, కూర్చుందట. ఆ వారంలోనే నాలుగూ కిందికి దిగాయి.

కంటి క్యాంపు వాళ్ల బస్సు మమ్మల్ని విజయనగరం తీసుకెళ్లింది. పక్కపక్క మంచాలు, ఒకే రకం ఆకుపచ్చ గుడ్డలు. నేను ధైర్యం చెప్పానని చెప్పుకుంటాను గానీ, ఆపరేషన్ గది గుమ్మందాకా నా చెయ్యి పట్టుకుని నడిపించింది అతనే.

కట్టు విప్పిన నాలుగో రోజు అతన్ని చూడటానికి కొండెక్కాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కోడలు వాకిట్లో వంగి కళ్లాపి చల్లుతోంది. అతను ఆమె కాలి వైపు చూస్తున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నా తల తిప్పలేదు.

"ఒకటే గీరుకుపోనాదని సెప్పినారు నాకు" అన్నాడు. "మూడున్నాయి నేస్తం."

ఆ మూడూ ఎవరి సంచిలోంచి వెళ్లాయో ఇద్దరికీ తెలుసు. మనవరాలు పరిగెత్తుకుంటూ వచ్చి అతని ఒళ్లో ఎక్కింది. దాని తలమీద చెయ్యి వేసి, ఎత్తు కొలుస్తున్నట్టు చేను వైపు చూశాడు.

ఇప్పుడు ఆ చేను చుట్టూ పాత చీరలు కట్టి ఉంటాయి. గాలికి కదిలే రంగుగుడ్డలంటే పందులకు అనుమానం. మా ఆవిడ మూటలు మూటలుగా చీరలు పంపింది, అందులో నేను మొదటిసారి కొనిచ్చిన నెమలికంఠం రంగు చీర కూడా ఉంది. నలభై ఏళ్లు దాచుకున్నావు, ఇది కూడానా అన్నాను. పందులైనా దాన్ని చూసి భయపడితే అంతే చాలు, నేనైతే కట్టుకున్నది రెండుసార్లే అంది. పందులు కొంత తింటాయి. తిననీ అంటాడు నేస్తం.

ఇదీ నా కథ. కిందటేడు ఒక మధ్యాహ్నం కొట్టు మెట్ల మీద ఇద్దరు లారీ డ్రైవర్లకు దీన్ని చెబుతున్నాను. బస్సు దగ్గరికి వచ్చాను. కుక్కను మళ్లీ ఎక్కించాను. గడ్డం కింద గొట్టం, ఏ క్షణాన పేలుతుందో తెలియదు, అయినా నేను చలించలేదు అంటున్నాను. నేస్తం నా మాటకు కట్టుబడి ప్రాణంలాంటి తుపాకీని ఒళ్లో పెట్టిన ఘట్టం అప్పటికే చెప్పేశాను. ఒక డ్రైవరు కళ్లు తుడుచుకున్నాడు కూడా. చీపుర్ల కట్ట దింపడానికి వచ్చిన నేస్తం కోడలు ఎంతసేపటి నుంచి వెనక నిలబడి వింటోందో నేను చూడలేదు.

కట్ట దింపి, తలమీది చుట్టగుడ్డ తీసి మొహం తుడుచుకుంది.

"ఏటి పేలతాది మావా? అందులో మందేది?"

"ఉంది. పోలీసులు తడితే రాలింది, నల్లగా" అన్నాను.

"బొగ్గు పొడి. కాలికి కట్టు కట్టించుకొచ్చిన కాడి నుంచి మందు బుర్రలో నానే మార్చీసినాను. మూడుమాట్లు పేల్సి సూసినాడు, పలకలేదు. పాడైపోనాదనుకున్నాడు, నువ్వడిగితే ఇచ్చీసినాడు. నీ మాటకేటి కాదు."

డ్రైవర్లిద్దరూ టీ గ్లాసుల్లోకి చూస్తున్నారు. లోగుమ్మంలో మా ఆవిడ నవ్వు వినపడింది. ఆవిడకు ఈ సంగతి ఎప్పటి నుంచి తెలుసో నేనింకా అడగలేదు.

"మరి అది పేలదని తెలిసీ, అంత కుంటుకుంటూ నా దగ్గరికి ఎందుకు వచ్చావే?" అన్నాను.

ఆమె చీపుర్ల కట్ట సరిగ్గా నిలబెట్టి, ఒకప్పుడు మా సీసం సంచి ఉండే మూల వైపు గడ్డంతో చూపించింది.

"మా ఇంట్లో మందు నానాపుకోగలను. ఊరంతటి తుపాకులకీ గుళ్లు పోసింది నువ్వు. నానొచ్చింది మా మావ తుపాకీ కోసం కాదు మావా, నీ సంచీ కోసం."